ఎముకలో నాటు పళ్లు: సొమ్ము కట్టుటకు ముందు తెలిసికొనవలసిన సంగతులు

పళ్లు కట్టించుకొనుటకు పొదుపు నిధి నుండి సొమ్ము ఇప్పించవలెనని కోరుచు మన సంఘ కార్యాలయమునకు ఈ మధ్య దరఖాస్తులు వచ్చుచున్నవి. వెనుకటి రోజులలో ఇట్టివి లేవు. పళ్లు ఊడినవారు ఊరిలోనే కట్టుడు పళ్లు పెట్టించుకొనెడివారు. లేదా చిగుళ్లతోనే నమలుకొనుచు కాలము గడిపెడివారు. ఇప్పుడు బజారులోని బోర్డులపైనను, సెల్‌ఫోను ప్రకటనలలోను "ఇంప్లాంటు" అను మాట కనబడుచున్నది. "మూడు రోజులలో నోటినిండ పళ్లు" అని వ్రాయుచున్నారు. ఖర్చు మాత్రము లక్షలలో ఉన్నది. మగ్గముపై బ్రతుకు కుటుంబమునకు అది చిన్న సొమ్ము కాదు. షోలాపురములోనున్న మా అన్నగారు ఈ వైద్యమును రెండు దవడలకును పూర్తిగా చేయించుకొనిరి. ప్రక్కనుండి చూచినదియు, వైద్యులనడిగి తెలిసికొన్నదియు సభ్యులకు ఉపయోగపడునని ఇందు వ్రాయుచున్నాను.

ఇంప్లాంటు అనగా నేమి?

ఊడిన పంటి వేరునకు బదులుగా దవడ ఎముకలో బిగించు టైటానియము మరనే ఇంప్లాంటు అందురు. అది సాధారణముగా 3.5 నుండి 5 మిల్లీమీటర్ల లావును, 8 నుండి 13 మిల్లీమీటర్ల పొడవును ఉండును. దానిపై నిలుపు పన్ను వేరుగా తయారగును. పళ్లన్నియు లేనివారికి పంటికొక మర అక్కరలేదు. ఒక దవడకు నాలుగు గాని ఆరు గాని, ఒక్కొక్కప్పుడు ఎనిమిది గాని బిగించి, వాటిపై పళ్ల వరుసనంతయు వంతెనవలె నిలుపుదురు. నాలుగు మరలపైననే వరుసను నిలుపు పద్ధతిని పోర్చుగలు వైద్యుడు పౌలో మాలో రూపొందించి, క్రింది దవడ విషయమున తన ఫలితములను 2003లో ప్రకటించెను.

ఈ విద్యకు మూలపురుషుడు స్వీడను దేశపు బ్రోనెమార్కు. 1952లో ఆయన కుందేలు కాలి ఎముకలో టైటానియపు గొట్టమొకటి అమర్చి, ఎముకలోని రక్తప్రసారమును పరీక్షించుచుండెను. పని ముగిసిన పిదప తీయబోగా ఆ గొట్టము రాలేదు. ఎముక దానిని పట్టుకొని యుండెను. 1965లో ఆయన గోస్టా లార్సన్ అను రోగికి క్రింది దవడలో ఇట్టి మరలు బిగించెను. లార్సన్ 2006లో చనిపోవు వరకు, అనగా నలుబది యేండ్లు, ఆ మరలు పనిచేసినవి.

అసలు పని ఎముకదే

ఇందు మనము గుర్తింపవలసిన సంగతి ఒకటి కలదు. వైద్యుడు మరను బిగించును. దానిని పట్టుకొనునది ఎముక. గుంట మగ్గమునకు గుంజ పాతినప్పుడు మట్టి గట్టిపడక ముందే పడుగు బిగించినచో గుంజ కదలును గదా! ఇదియు అట్టిదే. ఎముక మరను పట్టుటకు క్రింది దవడలో మూడు నెలలు, మెత్తని ఎముక గల పై దవడలో ఆరు నెలలు ఆగుట మొదటినుండి వచ్చిన పద్ధతి. బిగించునప్పుడే మర మిక్కిలి గట్టిగా పట్టినచో, మరునాడో మూడవనాడో తాత్కాలికమైన పళ్లు అమర్చవచ్చును. ప్రకటనలలోని "మూడు రోజులు" ఇవియే. అవి చూపులకు పళ్లే గాని, గట్టి వస్తువులు నమలుటకు గావు. శాశ్వతమైన పళ్లు తరువాత నెలలకు వచ్చును. ఈ భేదమును ప్రకటనలో వ్రాయరు.

మా అన్నగారి అనుభవము

ఆయన వయస్సు అరువది దాటినది. చిన్ననాటినుండి తంబాకు నమలుట అలవాటు. నూలు పోగును ముందు పళ్లతో కొరికి త్రెంపుటచే ఆ పళ్లు గంటుపడినవి. పన్నెండేండ్లుగా చక్కెర జబ్బు ఉన్నది. చిగుళ్ల జబ్బుచే పళ్లు ఒకటొకటిగా కదలి, చివరకు పదునొకండు మిగిలినవి. జొన్నరొట్టెను పాలలో నానబెట్టి తినవలసివచ్చెను. నలుగురిలో భోజనమునకు కూర్చుండుట మానివేసిరి.

మొదట చూపిన ఆసుపత్రివారు ఒక సాదా ఎక్సురే తీసి, రెండు దవడలకు కలిపి 5,60,000 రూపాయలనిరి. ఆ రోజే 50,000 కట్టినచో తగ్గింపు ఇత్తుమనిరి. రక్తపరీక్ష మాట ఎత్తలేదు. ఇంటిలోని రెండు మరమగ్గములలో ఒకటి అమ్ముటకు అన్నగారు సిద్ధపడిరి. "మగ్గము పోయిన తరువాత నమలుటకేమి మిగులును?" అని వదినగారు అడ్డుపడి, మరియొకచోట చూపింపుమని పట్టుబట్టిరి.

రెండవసారి ఒక దంతవైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లితిమి. అచట ఎముక లోతును, వెడల్పును చూపు కోన్ బీము స్కాను తీసిరి. పై దవడ వెనుక భాగమున ఎముక పలుచనైయుండెను. దానిపైననే ముక్కు ప్రక్క గాలిగది ఉన్నది. క్రింది దవడలో పెదవికి స్పర్శనిచ్చు నరము పోవుచున్నది. మర దానిని తాకినచో పెదవి, గడ్డము మొద్దుబారును. పిదప మూడు నెలల సగటు చక్కెరను తెలుపు హెచ్‌బిఏ1సి పరీక్ష చేయగా 9.4 వచ్చెను. "చక్కెర దిగవలెను, తంబాకు మానవలెను. లేనిచో ఎముక పట్టదు, మీ సొమ్ము వృథా యగును" అని వైద్యురాలు స్పష్టముగా చెప్పిరి.

నాలుగు నెలలు పట్టెను. తంబాకు మానుట పళ్లు తీయించుకొనుటకంటె కష్టమైనదని అన్నగారు నేటికిని చెప్పుదురు. చక్కెర 7.2కు దిగిన తరువాత క్రింది దవడలో నాలుగు మరలు బిగించిరి. నరమును తప్పించుటకు వెనుకవి రెండును ఏటవాలుగా వేసిరి. మత్తుసూది వలన నొప్పి తెలియలేదు గాని, బరమా శబ్దమును తల అదురుటయు భయము కలిగించినవట. మూడవనాటికి ముఖము బాగుగా వాచెను. వారము దినములకు తగ్గెను. క్రిందివరుస తాత్కాలిక పళ్లు రెండవనాడే పెట్టిరి. మూడు నెలలు జావ, పెరుగన్నము, మెత్తని కిచిడి మాత్రమే తినవలెననిరి. రెండవ నెలలో వేయించిన శనగలు నమలగా ఆ వరుస చిట్లినది, మరల అతికించిరి.

పై దవడకు ముందు ఎముక పొడి నింపి ఆరు నెలలు ఆగిరి. తరువాత ఆరు మరలు వేసి, మరియొక ఆరు నెలలు ఆగిరి. అంతవరకు పైన తీసి పెట్టుకొను పళ్లే వాడిరి. మొత్తము పని ముగియుటకు ఇరువది నెలలు పట్టెను. ఖర్చు 3,80,000 రూపాయలు. అది విడతలుగా కట్టుటచే మగ్గము అమ్మవలసిన అవసరము తప్పినది.

పళ్లు వచ్చిన తరువాత

అన్నగారిప్పుడు జొన్నరొట్టె త్రుంచుకొని తినుచున్నారు. అయినను ఇవి సొంత పళ్లతో సమానము గావు. సొంత పంటికిని ఎముకకును నడుమ మెత్తని పొర యుండును. ఎంత గట్టిగా నొక్కుచున్నామో అది తెలుపును. ఇంప్లాంటునకు ఆ పొర లేదు. అన్నములో రాయి తగిలినను వెంటనే తెలియదు. మొదటి నెలన్నర "స", "శ" పలికినప్పుడు ఈల వచ్చెడిది. ఇప్పుడు పోయినది.

ఈ పళ్లు పుచ్చవు. కాని చుట్టునున్న చిగురునకు జబ్బు రావచ్చును. అది ముదిరినచో ఎముక కరగి మర ఊడును. కావున వరుస క్రింద దారము దూర్చి రోజును శుభ్రము చేయవలెను. దారము దూర్చుట మనవారికి క్రొత్త పని గాదు గదా! ఆరు నెలలకొకసారి వైద్యునకు చూపవలెను. మరలు వదులగుట, పళ్లు అరుగుట కలవు. వాటికి మరల ఖర్చగును.

తక్కువ ఖర్చు మార్గము

అందరికిని ఇంత వైద్యము అవసరము లేదు. పై దవడకు మామూలు కట్టుడు పళ్లు చాలమందికి సరిగానే నిలుచును. కదలి బాధించునవి క్రిందివి. క్రింది దవడలో రెండు మరలు బిగించి, వాటికి బొత్తాములవలె తగిలించుకొను పళ్లసెట్టు అమర్చవచ్చును. పళ్లు లేని క్రింది దవడకు మొదట ఎంచుకొనవలసిన వైద్యము ఇదియేనని 2002లో కెనడా దేశపు మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున సమావేశమైన నిపుణులు నిర్ణయించిరి. రాత్రి తీసి కడుగుకొనవచ్చును. రెండే మరలు కనుక ఖర్చును చాల తగ్గును.

సొమ్ము కట్టుటకు ముందు అడుగవలసినవి

1. స్కాను తీసితిరా? ఎముక ఎంత ఉన్నది?
2. మొదట పెట్టునవి తాత్కాలికమా, శాశ్వతమా? శాశ్వతమైనవి ఎన్ని నెలలకు? వాటి ఖర్చు ఇందులో చేరినదా?
3. మర ఊడినచో మరల ఎవరి ఖర్చుపై వేయుదురు?
4. మర చేసిన కంపెనీ పేరు, కొలత, లాట్ నంబరు గల చీటీ ఇత్తురా? ఆ చీటీని రేషను కార్డువలె భద్రపరచవలెను. పది యేండ్ల తరువాత మరియొక ఊరి వైద్యునకు అదియే ఆధారము.

మనము చెప్పవలసినవియు ఉన్నవి. చక్కెర జబ్బు, రక్తము పలుచబరచు మందులు, ఎముకల బలహీనతకు వాడు అలెండ్రోనేటు, జొలెండ్రోనేటు వంటి మందులు ఉన్నచో దాచక చెప్పవలెను. ఏ మందును తమంత తాము ఆపరాదు. గుట్కా, తంబాకు వాడువారిలో నోరు సరిగా తెరువరానివారును, నోటిలో తెల్లని లేక ఎర్రని మచ్చ గలవారును, రెండు వారములైనను మానని పుండు గలవారును పళ్ల సంగతి తరువాత చూచుకొని, ముందు ఆ నోటిని పరీక్ష చేయించుకొనవలెను. అది కాన్సరునకు మొదలు కావచ్చును.

ముంబాయి, నాగపూరు, బెంగుళూరు, చెన్నై, కటకము, పుదుచ్చేరి, హైదరాబాదు, విజయవాడ నగరములలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు కలవు. యానాము సభ్యులకు పుదుచ్చేరికంటె విజయవాడ దగ్గర. ప్రైవేటు ఆసుపత్రిలో చేయించుకొనదలచిన వారును ముందు ఇట్టి చోట నోరు చూపించుకొని అభిప్రాయము తీసికొనుట మంచిది.

పొదుపు నిధి సభ్యుని చెమటసొమ్ము. దానిని నోటి ఆరోగ్యమునకు వాడుకొనుట తప్పు గాదు. కాని దరఖాస్తుతోపాటు వైద్యుడు వ్రాసియిచ్చిన అంచనాను, ఏ విడతకు ఎంత సొమ్మో తెలుపు వివరమును జతపరచవలెనని సభ్యులను కోరుచున్నాను. వ్రాసియిచ్చుటకు ఇష్టపడని చోట సొమ్ము కట్టకుండుటయే మేలు.