షేరు మీదే.. లెక్క ఎవరి వద్ద?

జొన్నగిరి: తొలకరి వానలు పడగానే జొన్నగిరి పరిసర పొలాల్లో వజ్రాల వేట మొదలవుతుంది. రాయి దొరికిన వ్యక్తి దానిని పిడికిట బిగించి, బేరం కుదిరే వరకు ఎవరి చేతికీ ఇవ్వడు. అదే గ్రామంలోని బంగారు గని కారణంగా షేర్ల మాట కూడా ఈ ప్రాంతంలోకి వచ్చింది. గనిని చేపట్టిన జియోమైసూర్ సంస్థలో వాటా ఉన్న డెక్కన్ గోల్డ్ మైన్స్ కంపెనీ షేర్లు బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదై ఉండటమే ఇందుకు కారణం. ఆదోని, ఎమ్మిగనూరు వంటి పట్టణాల్లో సైతం సెల్‌ఫోన్ ద్వారానే షేర్ల ఖాతా తెరిచే వీలు కలిగింది.

అయితే షేరు వజ్రంలా పిడికిట పట్టుకునే వస్తువు కాదు. అది కంప్యూటరులో ఉండే ఒక పద్దు మాత్రమే. ఆ పద్దు ఎవరి వద్ద ఉంటుంది? దానిని మార్చగల అధికారం ఎవరికి ఉంది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలియకుండా సొమ్ము పెడితే ఏమవుతుందో హైదరాబాదుకు చెందిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఉదంతం చాటిచెప్పింది.

కాగితం నుంచి కంప్యూటరుకు..

ఒకప్పుడు షేర్లు కాగితపు పత్రాల రూపంలో ఉండేవి. అమ్మినప్పుడు బదిలీ పత్రంపై సంతకం చేసి కంపెనీకి పంపవలసి వచ్చేది. సంతకం సరిపోలలేదని తిరిగి రావడం, తపాలాలో పోవడం, నకిలీ పత్రాలు పుట్టుకురావడం పరిపాటిగా ఉండేది. ఈ బాధ తప్పించేందుకు 1996లో డిపాజిటరీల చట్టం వచ్చింది. అదే ఏడాది నవంబరులో ఎన్‌ఎస్‌డీఎల్, 1999లో సీడీఎస్‌ఎల్ పని ప్రారంభించాయి. షేర్లకు ఈ రెండూ బ్యాంకుల వంటివి. ఎవరి పేరిట ఎన్ని షేర్లున్నాయన్న అసలు లెక్క వీటి వద్దే ఉంటుంది. 2023 జనవరి నుంచి అన్ని షేర్లకూ లావాదేవీ జరిగిన మరుసటి పని దినానికే సొమ్ము, షేర్లు చేతులు మారుతున్నాయి.

రెండు చిట్టాలు

మదుపరి నేరుగా డిపాజిటరీ వద్దకు వెళ్లడు. బ్రోకరు లేదా బ్యాంకు ద్వారానే ఖాతా తెరుస్తాడు. బ్రోకరు తన ఖాతాదారుల కొనుగోళ్లు, అమ్మకాలు, బాకీల లెక్కను సొంత కంప్యూటర్లలో రాసుకుంటాడు. అంటే ఒకే షేరుకు రెండు చిట్టాలు. ఒకటి బ్రోకరుది, రెండోది డిపాజిటరీది. రెండూ సరిపోలినంత కాలం ఇబ్బంది లేదు. తేడా వచ్చినచోటే మోసానికి తావు ఏర్పడుతుంది.

కార్వీలో జరిగిందిదీ..

ఆదోని మార్కెట్‌లో రైతు తన పత్తిని కమీషను ఏజెంటు వద్ద ఉంచాడనుకుందాం. ఆ ఏజెంటు సరుకును తన గోదాములోకి మార్చి, తనదేనని చూపి బ్యాంకులో అప్పు తెచ్చుకుంటే? రైతు చేతిలో చీటీ ఉంటుంది, సరుకు మాత్రం తాకట్టులో ఉంటుంది. కార్వీ చేసిన పని ఇటువంటిదే. ఖాతా తెరిచేటప్పుడు మదుపరులు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని ఆసరాగా చేసుకుని వారి షేర్లను తన పేరిట ఉన్న ఖాతాకు మళ్లించి, బ్యాంకులు, ఆర్థిక సంస్థల వద్ద తాకట్టు పెట్టింది. బ్రోకర్లు స్టాక్ ఎక్స్ఛేంజీకి క్రమం తప్పకుండా ఇవ్వవలసిన వివరాల్లో ఆ ఖాతాను చూపలేదు.

నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ తనిఖీలో ఈ వ్యవహారం బయటపడటంతో, కొత్త ఖాతాదారులను చేర్చుకోరాదని 2019 నవంబరు 22న సెబీ ఆదేశించింది. సుమారు 95 వేల మందికి చెందిన రూ.2,300 కోట్లకు పైగా విలువైన షేర్లు తాకట్టులో ఉన్నట్లు వెల్లడైంది. డిసెంబరు 2న దాదాపు 83 వేల మంది ఖాతాలకు షేర్లు తిరిగి చేరాయి. అసలు యజమానులెవరో తేల్చే లెక్కలు దొరకబట్టే అది సాధ్యమైంది. 2023 ఏప్రిల్‌లో సెబీ కార్వీని, దాని అధిపతిని ఏడేళ్లపాటు మార్కెట్ నుంచి నిషేధించింది.

తర్వాత వచ్చిన మార్పులు

ఈ ఉదంతం అనంతరం బ్రోకరు చేతిలోని అధికారాన్ని సెబీ తగ్గిస్తూ వచ్చింది. 2020 సెప్టెంబరు 1 నుంచి షేర్లను హామీగా ఉంచవలసి వచ్చినా అవి మదుపరి ఖాతాలోనే ఉంటాయి. డిపాజిటరీ నుంచి సెల్‌ఫోన్‌కు వచ్చే ఓటీపీతో మదుపరి అంగీకరిస్తేనే వాటిపై తాకట్టు నమోదవుతుంది. 2022లో విస్తృతమైన పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో పరిమిత అధికార పత్రం వచ్చింది. కొన్న షేర్లు బ్రోకరు ఖాతాలో ఆగకుండా నేరుగా మదుపరి ఖాతాకే జమ కావాలని 2024లో నిర్దేశించింది.

ఇన్ని కట్టుదిట్టాలున్నా చివరి కాపలా మదుపరిదే. పల్లెల్లో ఖాతా తెరిపించే మధ్యవర్తి తన ఫోన్ నంబరు నమోదు చేస్తే ఓటీపీ అతనికే వెళుతుంది. అప్పుడు తాళం చెవి పరుల చేతికి ఇచ్చినట్లే.

మదుపరులు చూసుకోవలసినవి..

* ఖాతాలో సొంత ఫోన్ నంబరు, ఈ-మెయిల్ మాత్రమే ఉండాలి. ఓటీపీ ఎవరికీ చెప్పరాదు.

* ఖాతా సంఖ్యలో 16 స్థానాలుంటాయి. ఐ, ఎన్ అనే ఇంగ్లిషు అక్షరాలతో మొదలైతే ఎన్‌ఎస్‌డీఎల్, అన్నీ అంకెలే అయితే సీడీఎస్‌ఎల్.

* బ్రోకరు యాప్‌లో కనిపించే లెక్కతో సరిపెట్టుకోరాదు. ఎన్‌ఎస్‌డీఎల్ వారి 'ఐడియాస్', సీడీఎస్‌ఎల్ వారి 'ఈజీ' సేవల్లో అసలు లెక్కను స్వయంగా చూడవచ్చు.

* లావాదేవీలు జరిగిన నెలలో డిపాజిటరీ నుంచి ఖాతా వివరాల పట్టిక వస్తుంది. దానిని బ్రోకరు ఇచ్చిన లెక్కతో పోల్చుకోవాలి.

* నామినీ పేరు తప్పక నమోదు చేయించాలి.

* తేడా కనిపిస్తే ముందుగా బ్రోకరుకు రాతపూర్వకంగా తెలపాలి. పరిష్కారం కాకుంటే సెబీ 'స్కోర్స్' పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. సందేహాలకు సెబీ ఉచిత ఫోన్ నంబరు 1800 266 7575.