బాండులో దాగిన తేజీ: ‘కాల్’ హక్కు ఖరీదెంత?

ఒకే వడ్డీ, ఒకే గడువు గల రెండు బాండ్లు మార్కెట్టులో వేర్వేరు ధరలు పలకడం కద్దు. తేడా షరతుల్లో వుంటుంది. మొదటి బాండును గడువు లోగా తీర్చివేసే హక్కు కంపెనీకి లేదు. రెండవ దానిని నిర్ణీత తేదీ తర్వాత ఎప్పుడైనా తీర్చివేయవచ్చు. దీనినే ‘కాల్’ హక్కు అంటారు.

తేజీ-మందీ లావాదేవీలు ఎరిగిన వర్తకులకు ఇది కొత్త సంగతి కాదు. నజరానా చెల్లించి, ముందుగా నిర్ణయించిన ధరకు సరకు కొనే హక్కు పొందడమే తేజీ. కాల్ హక్కు గల బాండు కొన్నవారు కంపెనీకి తేజీ అమ్మినట్లే. అందుకు తగిన నజరానా ముట్టిందా లేదా అన్నది చూసుకోవాలి.

లెక్క ఇలా వేయవచ్చు. రు. 100ల బాండు, వడ్డీ 10 శాతం, గడువు 3 ఏళ్ళు. నేటి మార్కెట్ రేటు కూడా 10 శాతమే. ఏడాది తర్వాత రేటు 8కి దిగవచ్చు, లేదా 12కు ఎక్కవచ్చు. రెండింటికీ సమాన అవకాశం వున్నదనీ, ఆపైన మార్పు లేదనీ అనుకుందాం. రేటు 8 అయితే మిగిలిన రెండేళ్ళ బాండు విలువ రు. 103.57, 12 అయితే రు. 96.62. సగటుకు మొదటి ఏటి వడ్డీ రు. 10 కలిపి 10 శాతం చొప్పున నేటి విలువకు కుదించితే రు. 100.08 వస్తుంది. ఇది కాల్ లేని బాండు విలువ.

ఏడాది చివర రు. 100కు తీర్చే హక్కు వుంటే, రేటు 8కి దిగినపుడు కంపెనీ రు. 100 చేతిలో పెట్టి బాండు వాపసు తీసుకుంటుంది. రేటు ఎక్కినపుడు మాత్రం నష్టం మదుపరిదే. ఈ బాండు విలువ రు. 98.46. తేడా రు. 1.62 కాల్ హక్కు ఖరీదు. రేట్ల ఊగిసలాట 6, 14 శాతాలకు పెరిగితే ఈ ఖరీదు రు. 3.33 అవుతుంది. అనిశ్చితి ఎంత హెచ్చితే హక్కు అంత ప్రియం.

ఇందుకు గుజరాత్‌లోని సర్దార్ సరోవర్ నర్మదా నిగమ్ బాండ్లు మంచి ఉదాహరణ. 1993లో రు. 3,600కు అమ్మిన బాండుకు 2014లో రు. 1,11,000 ఇస్తామన్నారు. అంటే సాలుకు సుమారు 18.7 శాతం రాబడి. ముందే తీర్చే హక్కు షరతుల్లో నిగమ్‌కు లేదు. తర్వాతి కాలంలో రేట్లు దిగాయి. 2008లో గుజరాత్ శాసనసభ చట్టం చేసి ఆ హక్కు కల్పించింది. 2009 జనవరిలో బాండుకు రు. 50,000 లెక్కన తీర్చివేశారు. మిగిలిన అయిదేళ్ళకు 9 శాతం చొప్పున కుదించినా ఆ బాండు విలువ సుమారు రు. 72,100. నజరానా లేకుండా చేతులు మారిన తేజీ ఖరీదు ఈ లెక్కన బాండుకు రు. 22,000 పైమాటే.

కనుక బాండు బేరమాడేటపుడు వడ్డీ రేటు ఒక్కటే చూడరాదు. కాల్ తేదీ, తీర్చే ధర చూసి, ఆ హక్కు ఖరీదు ధరలో తగ్గించారా, వడ్డీలో కలిపారా అన్నది తేల్చుకోవలసి వుంటుంది.