ఎక్కువమందిని లెక్కిస్తే తప్పు తగ్గుతుందా?

2027 జనగణన ప్రకటన వచ్చాక ఒడిశాలోని బరంపురం పాఠకుడొకరు అడిగారు: "మా ఊళ్లో తెలుగువాళ్లను తక్కువ చేసి రాస్తారని పెద్దలు అంటుంటారు. అది పొరపాటా, పగా?" ఇంత మంచి ప్రశ్నను పక్కన పెట్టడం నా వల్ల కాలేదు.

కొలిచే పద్ధతి ఎప్పుడూ ఒకే వైపు ఒరిగితే అది మొగ్గు. విచారించకముందే ఒక వర్గంపై మనసులో తీర్పు ఖాయమైతే అది దురభిప్రాయం. మొదటిదానికి కోపం అక్కర్లేదు.

నాకు ముచ్చటైన సంగతి ఇదీ. చేయి వణికి తూకం ఓసారి ఎక్కువ, ఓసారి తక్కువ వస్తే పదిసార్లు తూచి సగటు తీస్తే సరి. తక్కెడ పళ్లెం కింద చింతపండు అంటుకుని ఉంటే మాత్రం వెయ్యిసార్లు తూచినా అదే తప్పు. పైగా ప్రతిసారీ అదే అంకె వస్తుంటే మన నమ్మకం పెరిగిపోతుంది! అటూ ఇటూ జరిగే పొరపాట్లు, లెక్కించే ఇళ్లు వందరెట్లయితే శాతంలో పదోవంతుకు పడిపోతాయి. మొగ్గు ఇసుమంతైనా తగ్గదు.

ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే, బరంపురం ఉన్న గంజాం జిల్లా కుటుంబాన్ని తీసుకోండి. గణకుడు ఒడియాలో అడుగుతాడు, ఇంటాయన మర్యాదకు ఒడియాలోనే జవాబిస్తాడు, మాతృభాష గడిలో ఒడియా పడుతుంది. వచ్చినవాడు తెలుగువాడైతే అదే ఇల్లు తెలుగు ఖాతాలోకి. ఎవరికీ ఎవరిమీదా పగ లేదు.

1931లో ఓడనెల్ కమిటీ ఒరిస్సా సరిహద్దులు తేల్చడానికి కూర్చున్నప్పుడు గొడవలో పెద్ద భాగం జనాభా లెక్కల మీదే. తెలుగు గణకులు ఒడియావాళ్లను తెలుగువాళ్లుగా రాశారని ఒడియా నాయకులు, కాదని తెలుగు నాయకులు. రెండు పక్షాలూ ఎదుటివాడి మనసునే తవ్వాయి. ప్రశ్న ఏ భాషలో అడిగారన్నది వెనకబడింది. 1936 ఏప్రిల్ 1న బరంపురం ఒరిస్సాలో చేరింది.

ఎక్కువమందిని అడిగినా మొగ్గు పోదని అదే ఏడాది అమెరికాలోనూ తేలింది. లిటరరీ డైజెస్ట్ పత్రిక ఇరవై లక్షలకు పైగా జవాబులు పోగేసి, అధ్యక్ష ఎన్నికల్లో లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడంది. రూజ్వెల్ట్ ఘనంగా గెలిచాడు. టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాలదే తప్పని చాలాకాలం అనుకున్నారు. ఓపిగ్గా జవాబు రాసి పంపేవాళ్లు ఎవరన్నదీ అంతే ముంచింది. అంతకంటే ఎంతో తక్కువమందిని అడిగిన సర్వేకారుడు గాలప్ మాత్రం ఎవరు గెలుస్తారో సరిగ్గా చెప్పాడు.

మరి దురభిప్రాయాన్ని పట్టేదెలా? 1960లో మాంట్రియల్‌లో మనస్తత్వవేత్త లాంబర్ట్ బృందం ఒకే మనిషి చేత ఒకే పాఠాన్ని ఇంగ్లీషులో, ఫ్రెంచిలో చదివించింది. గొంతు ఒకటేనని తెలియని శ్రోతలు ఇంగ్లీషు గొంతుకే ఎక్కువ మార్కులు వేశారు. ఫ్రెంచివాళ్లూ అంతే! పాఠం మారలేదు, మనిషి మారలేదు, తీర్పు మారింది. తక్కెడ బాగుచేసినా పోనిది ఇదే. తెలుగు, ఒడియా గొంతులతో ఈ పరీక్ష బరంపురంలో చేస్తే ఎంత బాగుంటుందో!

ఈసారి జనగణన లెక్కలు మొబైల్ యాప్‌లో ఎక్కిస్తారు. యాప్ పని వేగం పెంచుతుంది, మొగ్గును తీసేయదు. అందుకే గణకుడు ఏ భాషలో పలకరించినా మీ మాతృభాష పేరు, మీకొచ్చిన ఇతర భాషల పేర్లు విడివిడిగా చెప్పండి. ఆయన ఏం నమోదు చేశారో చదివి వినిపించమనండి.