మా ఊరి లెక్కలో ఏడాది తక్కువ

1972 ఆగస్టు 15. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లు నిండిన రోజు. మాదాపూర్ పక్కనున్న మా పల్లె బడిలో జెండా కింద నిలబడి నేను ఉపన్యాసం చెప్పాలి. సారు రాసిచ్చిన కాగితంలో ‘ఇరవై అయిదేళ్లు’ అని ఉంది. నా నోటి వెంట మాత్రం ‘ఇరవై నాలుగు’ అని వచ్చింది. పిల్లలు పకపకా నవ్వారు. సారు ముఖం ఎర్రబడింది. ఆ తప్పుకు కారకుడు మా తాత.

గుట్టలూ జొన్నచేలూ

ఈనాటి పిల్లలకు హైటెక్ సిటీ అంటే అద్దాల మేడలు, మెట్రో రైలు, తెల్లవార్లూ వెలిగే దీపాలు. మా చిన్నప్పుడు అక్కడ ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే బండరాళ్ల గుట్టలుండేవి. గుట్టల మధ్య జొన్నచేలు, ఆముదపు చేలు, సీతాఫలం పొదలు. మేకలు మేపేవాళ్లు తప్ప అటువైపు పోయేవాళ్లు తక్కువ. ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్లందించిన దుర్గం చెరువు ఆ గుట్టల నడుమ నిశ్శబ్దంగా ఉండేది. గచ్చిబౌలి పక్కన ఇప్పుడున్న కేంద్రీయ విశ్వవిద్యాలయం అప్పటికి రాలేదు. అది 1974లో వచ్చింది. రంగారెడ్డి జిల్లా పేరు కూడా అప్పటికి లేదు. మాదీ హైదరాబాద్ జిల్లాయే. మన జిల్లా వేరుపడింది 1978లో. ఆ తేదీ కూడా ఆగస్టు 15 కావడం విశేషం.

1972లో వానలు మొహం చాటేశాయి. మొలకెత్తిన జొన్న మోకాలెత్తు కాకముందే వాడిపోతోంది. అయినా బడి పండుగ ఆగలేదు. పాతికేళ్ల పండుగ ఘనంగా చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందని సారు చెప్పారు.

వారం రోజుల ముందే పని మొదలయింది. గోడలకు సున్నం వేశాం. జెండా గద్దెకు జాజు పూశాం. ఆడపిల్లలు చుట్టూ ముగ్గులు వేశారు. రంగు కాగితాలు కత్తిరించి, గంజితో సుతిలి తాడుకు అతికించి తోరణాలు కట్టాం. బడికి ఉన్నది ఒకటే ఖద్దరు జెండా. సారు దాన్ని ఇనుప పెట్టెలోంచి తీసి ఎండలో ఆరబెట్టి, మడతపెట్టి, మధ్యలో బంతిపూల రేకులు పోసి ముడి వేశారు. ఆ ముడి మీద చెయ్యి వేయవద్దని అందరికీ హెచ్చరిక. మా అమ్మ నా తెల్ల చొక్కాను నీలిమందు పెట్టి ఉతికింది. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసింది.

తాత లెక్క

పండుగ ముందు రాత్రి అరుగు మీద కూర్చొని ఉపన్యాసం బట్టీ పడుతున్నాను. తాత పక్కన మంచం మీద చుట్ట కాల్చుకుంటున్నాడు.

“మనకు స్వాతంత్ర్యం వచ్చి నేటికి ఇరవై అయిదేళ్లు...”

“ఎవలకురా?” అన్నాడు తాత.

“మనకే తాతా.”

“మనకింక ఇరవై నాలుగు గూడ నిండలె. ఒక నెల తక్కువున్నది.”

సారు చెప్పింది తప్పెలా అవుతుందని వాదించాను. తాత నవ్వి ఊరుకున్నాడు. ఆ అర్ధరాత్రి ఢిల్లీలో పార్లమెంటు ప్రత్యేకంగా సమావేశమవుతున్నదని పంచాయతీ రేడియో చెప్పింది. నా తలలో మాత్రం ఇరవై నాలుగు, ఇరవై అయిదు కొట్లాడుకుంటూనే ఉన్నాయి.

తెల్లవారింది. ప్రభాత భేరీ తీశాం. ముందు డప్పు, వెనుక మేము. ‘గాంధీజీకీ జై’ అంటూ ఊరంతా తిరిగాం. సర్పంచి తాడు లాగితే బంతిరేకులు రాలాయి. జనగణమన పాడాం. తర్వాత నా వంతు. అప్పుడే ఆ మాట జారింది.

మా సారు కోస్తా నుంచి వచ్చినవారు. వాళ్ల ఊరు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1947లో, ఆయన చిన్నతనంలోనే, అక్కడ జెండా ఎగిరింది. పిప్పరమెంట్లు కూడా పంచారట. అందుకే ఆయనకు పాతికేళ్ల లెక్క మీద అనుమానమే లేదు. “ఇరవై నాలుగని ఎవరు చెప్పార్రా?” అని గద్దించారు. నేను జనంలో ఉన్న తాత వైపు వేలు చూపించాను.

సారు కాసేపు ఆలోచించి, “పెద్దాయనా, అదేమిటో మీరే వచ్చి చెప్పండి” అన్నారు. తాత మొహమాటపడుతూ జెండా దగ్గరికి వచ్చాడు. చదువు రాని మనిషి. అంతమంది ముందు మాట్లాడటం అదే మొదలు, అదే చివర.

“ఢిల్లీల జెండా ఎగిరిన్నాడు నేను పటేలు పొలంల నాగలి దున్నుతున్న. పట్నంల జెండా పట్టినోళ్లను జైలుకు తోలిండ్రని రెండు దినాలకు ఎరుకైంది. ఆ మరుసటేడు ఆగస్టు పదిహేను గూడ అట్లనే పోయింది. బతుకమ్మకు పదిహేను దినాలున్నదనంగ పట్నానికి మిలిటరీ వచ్చింది. మన జెండా అప్పుడొచ్చింది. రజాకార్లు వస్తున్రంటే మేము గుట్టల సందుల దాగినం. మిలిటరీ వచ్చినంక భయపడి మన సాయిబులు అదే సందుల దాగిండ్రు. రెండు తాపల ఆ గుట్టలే మనోళ్లను కాపాడినయి. గంతే.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సారు చేతులు జోడించారు. పిప్పరమెంట్లు పంచేటప్పుడు మొదటిది తాత చేతిలోనే పెట్టారు.

చరిత్ర చెప్పేదీ అదే

పెద్దయ్యాక పుస్తకాలు చదివితే తాత లెక్క సరైనదేనని తేలింది. 1947 ఆగస్టు 15న హైదరాబాద్ సంస్థానం భారత్‌లో చేరలేదు. నిజాం విడిగా ఉంటానన్నాడు. భారత్‌లో చేరాలంటూ స్టేట్ కాంగ్రెస్ ఆగస్టు 7నే ఉద్యమం మొదలుపెట్టింది. ఆగస్టు 15న దాని నాయకుడు స్వామి రామానంద తీర్థను అరెస్టు చేశారు. నవంబరులో యథాతథ ఒప్పందం కుదిరింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 17న నిజాం లొంగిపోయాడు.

పట్నం చుట్టూ ఉన్న మన పల్లెల్లో చాలావాటి సంగతి మరీ ప్రత్యేకం. ఇది అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా. నిజాం సొంత ఖర్చుల కోసం కేటాయించిన సర్ఫేఖాస్ భూములు ఇక్కడే ఎక్కువ. సర్ఫేఖాస్ 1949 ఫిబ్రవరిలో సర్కారులో కలిసింది. జాగీర్ల రద్దు చట్టం అదే ఏడు ఆగస్టు 15న వచ్చింది. అంటే సంస్థానం పల్లెల్లో అడ్డులేకుండా జరిగిన మొదటి ఆగస్టు పండుగ 1949లోనిది.

సాయిబుల గురించి తాత చెప్పిన మాటా నిజమే. సైనిక చర్య తర్వాత కొన్ని జిల్లాల్లో ముస్లింలపై జరిగిన దాడులను పండిట్ సుందర్‌లాల్ సంఘం నమోదు చేసింది. ఆ నివేదిక ఎన్నో ఏళ్లు బయటికి రాలేదు.

1972 పండుగ గుర్తుగా సర్కారు కొత్త యాభై పైసల బిళ్ల తెచ్చింది. దాని మీద పార్లమెంటు భవనం ముందు జెండా పట్టుకున్న జంట బొమ్మ ఉంటుంది. నేనొకటి సంపాదించి తాతకు చూపించాను. తాత లోపలికి పోయి మూటలోంచి హాలీ సిక్కా రూపాయి తెచ్చాడు. దాని మీద చార్మినార్ బొమ్మ. రెండూ నా అరచేతిలో పెట్టి, “రెండూ నడిచినయే” అన్నాడు. అవి ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

గుట్టలు పోయాయి

తాత 1984లో పోయాడు. 1997లో స్వర్ణోత్సవం వచ్చింది. అర్ధరాత్రి పార్లమెంటులో భీమ్‌సేన్ జోషి, లతా మంగేష్కర్ పాడటం టీవీలో చూశాం. ఆ రోజుల్లోనే మాదాపూర్ గుట్టల్లో మందుపాతర్లు పేలడం మొదలయింది. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ తర్వాత ఒక్కో గుట్టా తరిగిపోయింది. పిల్లలకు ఉద్యోగాలు వచ్చాయి, నిజమే. నేను దానికి బాధపడటం లేదు. కానీ తాత చెప్పిన సందు ఏదో చూపించమంటే ఇప్పుడు చూపించలేను. సుమారు 250 కోట్ల ఏళ్ల వయసున్న రాళ్లు అవి. పాతికేళ్లలో కంకరయ్యాయి.

2022లో వజ్రోత్సవం. రాష్ట్ర ప్రభుత్వం ఆగస్టు 8న దాన్ని ప్రారంభించింది మాదాపూర్ దగ్గరి అంతర్జాతీయ సమావేశ కేంద్రంలోనే. ఇంటింటికీ జెండా ఇచ్చారు. 16న ఉదయం 11.30కు ఎక్కడివాళ్లక్కడ నిలబడి జాతీయ గీతం పాడారు. ఊరికి ఒక్క జెండా ఉన్న రోజులు చూసిన నాకు ప్రతి బాల్కనీలో జెండా కనిపిస్తే కడుపు నిండింది. మా మనవరాలు ఉపన్యాసం బట్టీ పడుతోంది. “మనకు స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై అయిదేళ్లు...”

“ఎవరికమ్మా?” అన్నాను.

ఆ రాత్రి ఆమెకు తాత కథ మొత్తం చెప్పాను.

సెప్టెంబరు 17ను ఒకరు విమోచన దినమంటారు, ఒకరు సమైక్యతా దినమంటారు. పేరు మీద తగాదా ఏటా వస్తూనే ఉంది. ఆ రోజు మన ఊర్లో ఏం జరిగిందో చెప్పగలిగేవారు మాత్రం ఏటికేడాది తగ్గిపోతున్నారు. అప్పుడు పదేళ్ల వయసున్న పిల్లలు ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డారు. మీ ఊరి చావడి దగ్గరో, మీ ఇంటి అరుగు మీదో అలాంటివారు ఒకరుంటే ఈ పంద్రాగస్టుకు పక్కన కూర్చొని అడగండి. చెప్పింది కాగితం మీద రాసిపెట్టండి.

2047లో దేశానికి నూరేళ్లు నిండుతాయి. ఆనాడు మన జిల్లా బడిలో ఏ పిల్లాడో ‘తొంభై తొమ్మిది’ అంటే సారు కోప్పడకుండా ఉండాలి కదా.