తీగకో నల్లపూస!

కంప్యూటర్‌ మానిటర్‌ వైరునో, ల్యాప్‌టాప్‌ ఛార్జర్‌ తీగనో ఓసారి చేత్తో తడిమి చూడండి. చాలావాటికి ఓ చివర బొటనవేలంత ఉబ్బు తగులుతుంది. అందులో బ్యాటరీ ఉందనుకునేవారు కొందరు, ఫ్యూజు అనుకునేవారు మరికొందరు. నిజానికి లోపలున్నది ఓ నల్లటి ఉంగరం... అదీ మట్టికుండలా కాల్చి చేసింది!

దాని పేరు ఫెర్రైట్‌. ఇనుము ఆక్సైడ్‌కి మాంగనీసు, నికెల్‌, జింకు లాంటి లోహాల ఆక్సైడ్లు కలిపి కాలిస్తే తయారవుతుంది. 1930లో టోక్యో ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ టెక్నాలజీలో యొగొరో కటో, తకెషి తకెయ్‌ దీన్ని కనిపెట్టారు. దాన్ని మార్కెట్లోకి తేవడానికే 1935లో టీడీకే సంస్థ పుట్టింది. ఆడియో క్యాసెట్ల మీద చాలామంది చూసిన పేరే అది.

ఇంతకీ ఈ ఉంగరం చేసే పనేంటి? కంప్యూటర్‌ లోపల విద్యుత్తు సెకనుకు కోట్లసార్లు ఆగుతూ సాగుతూ ఉంటుంది. ఆ అలజడిలో కొంత వైర్లలోకి పాకుతుంది. అప్పుడు వైరే యాంటెన్నాలా మారి దాన్ని గాల్లోకి వెదజల్లుతుంది. పక్కనున్న రేడియో గరగరలాడేది అందుకే. అసలు విద్యుత్తు ఒక తీగలో వెళ్లి మరో తీగలో తిరిగొస్తుంది కాబట్టి రెండింటి అయస్కాంత ప్రభావం రద్దయిపోతుంది. ఉంగరం దాని జోలికి పోదు. అలజడి మాత్రం అన్ని తీగల్లోనూ ఒకేవైపు పరుగెడుతుంది. దాన్ని అడ్డుకుని, కాస్తంత వేడిగా మార్చేస్తుంది ఉంగరం.

అంటే ఈ పూస మనకోసమే కాదు, పొరుగువారి కోసం కూడా. 1970ల్లో అమెరికా ఇళ్లలోకి కంప్యూటర్లు రావడంతో రేడియోలకూ టీవీలకూ చిక్కులు మొదలయ్యాయి. దాంతో 1979లో అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ఈ అలజడికి హద్దులు గీసింది. ఐరోపాలో 1996 నుంచి ఇలాంటి నిబంధనలు తప్పనిసరయ్యాయి. ఆ గీత దాటకుండా తయారీదారులు పట్టుకున్న చవకైన ఉపాయాల్లో ఇదొకటి.

వైరుకి పూస లేకపోతే? తెరిచి మూసే ఫెర్రైట్‌ క్లిప్పులు ఎలక్ట్రానిక్‌ విడిభాగాల దుకాణాల్లో దొరుకుతాయి. వైరు తొడుగు ఒలవక్కర్లేదు. అలజడి పుట్టే పరికరానికి దగ్గరగా, రెండు సగాల మధ్య సందు లేకుండా బిగిస్తే చాలు. వైరు పొడవు ఉంటే ఉంగరంలోంచి రెండుసార్లు పోనివ్వండి. అడ్డుకునే శక్తి నాలుగింతల దాకా పెరుగుతుంది.

అలాగని దీన్నే నమ్ముకుని ధీమాగా ఉండకూడదు. పిడుగునీ, హైవోల్టేజీనీ ఇది ఆపలేదు. ఉరుములకు ముందే ప్లగ్గు పీకేయాల్సిందే. పనికిరాని బరువని పూసను పగలగొట్టడమూ సరికాదు. అది పోయినా కంప్యూటర్‌ పనిచేస్తూనే ఉంటుంది. తేడా తెలిసేది పక్కింటి రేడియోకే!