కాగితం ఉంది, ఏ బీరువాలో?

ఊరి చివర కుంటలో రాత్రిళ్లు ట్రాక్టర్లు మట్టి పోస్తున్నాయనుకోండి. కొన్నాళ్లకు అక్కడ హద్దురాళ్లు లేస్తాయి, ఆ తర్వాత ఫ్లెక్సీ కడతారు. ‘మా తాతలనాటి పట్టా’ అంటాడొకాయన. ‘పట్టా లేదు పాడూ లేదు, అది పోరంబోకు’ అంటాడు టీకొట్టు దగ్గర ఇంకొకాయన. ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేల్చే కాగితం ఏదో ఒక బీరువాలో ఉండే ఉంటుంది. దాన్ని వెతుక్కుంటూ మున్సిపాలిటీకి వెళితే ‘భూముల సంగతి రెవెన్యూ వాళ్లది’ అంటారు. తహసీల్దారు ఆఫీసులో ‘ఆ ఏరియా టౌన్‌లో కలిసింది కదండీ, కమిషనర్ గారిని అడగండి’ అంటారు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు బల్ల వేసుకుని కూర్చున్న దస్తావేజు లేఖరి మాత్రం తల ఎత్తకుండానే ‘సర్వే నంబరెంత?’ అంటాడు. పనికొచ్చే మాట అన్నది ఆయనొక్కడే.

చిన్న ఊళ్లో ప్రభుత్వ రికార్డు దొరకలేదంటే ఎవరో దాచేశారని మనకు అనుమానం. దాచేవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ చాలాసార్లు అసలు చిక్కు వేరే ఉంటుంది. మనం అడిగే ప్రశ్నకు జవాబుగా ఏ ఆఫీసూ పుస్తకం రాసి పెట్టుకోలేదు. ఎవరికి రావలసిన డబ్బు కోసం వాళ్లు రాసుకున్నారు. రెవెన్యూ వాళ్లు భూమిశిస్తు కోసం రాశారు కాబట్టి వాళ్ల పుస్తకాలన్నీ సర్వే నంబర్ల వరసలో ఉంటాయి. మున్సిపాలిటీ, పంచాయతీ ఇంటిపన్ను కోసం రాశాయి, అక్కడ డోరు నంబరూ అసెస్‌మెంట్ నంబరూ చెల్లుతాయి. రిజిస్ట్రేషన్ శాఖలో స్టాంపు డ్యూటీ కట్టి నమోదు చేయించుకున్న లావాదేవీలుంటాయి, వాటికి దస్తావేజు నంబరు, సంవత్సరం కావాలి. శిస్తు ఏనాడో నామమాత్రమైపోయింది. పుస్తకాల అమరిక మాత్రం అలాగే ఉండిపోయింది. ‘కుంట ఎవరిది?’ అన్న ప్రశ్నకు ఆ అమరికలో చోటు లేదు.

కాబట్టి ముందు సర్వే నంబరు పట్టుకోవాలి. గ్రామ పటంలో అది దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి, తెలంగాణలో భూభారతి పోర్టళ్లలో నేటి వివరాలు కొంతవరకు కనిపిస్తాయి. నేటి అడంగల్‌లో ఎవరి పేరుందో చూడగానే పని అయిపోయిందనుకుంటారు చాలామంది. అడంగల్ ఏటా రాసేది, ఏటా మారేది. తగాదా వచ్చినప్పుడు అధికారులైనా కోర్టులైనా వెనక్కి వెళ్లి చూసేది మూల రికార్డును. ఒకప్పటి మద్రాసు రాష్ట్రంలో ఉన్న కోస్తా, సీమ జిల్లాల్లో దాన్ని ఆర్‌ఎస్‌ఆర్ అంటారు, అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. కొన్నిచోట్ల ఇంగ్లిషు, తెలుగు రెండింట్లోనూ అచ్చయింది కాబట్టి డైగ్లాట్ అనే పేరూ ఉంది. జమీందారీ గ్రామాలకైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ చూడాలి. టౌన్ సర్వే జరిగిన పట్టణమైతే టీఎస్‌ఎల్‌ఆర్ అనే వేరే రిజిస్టరు ఉంటుంది. మన కుంట సర్వే నంబరు ఎదురుగా ‘పోరంబోకు’ అనీ, రిమార్కుల్లో ‘కుంట’ అనీ ఉంటే, తాతలనాటి పట్టా కథ చెప్పేవాళ్లు ఆ పట్టా ఎక్కడి నుంచి వచ్చిందో చూపించుకోవాలి.

ఆర్‌ఎస్‌ఆర్‌లో రాసిన మాటకే కాదు, రాయని మాటకూ బలముంది. సెటిల్‌మెంట్ నాడు కొన్ని భూముల హక్కుదారెవరో తేలలేదు. అలాంటి చోట పట్టాదారు కాలమ్‌లో పేరుకు బదులు గుమాస్తా చుక్కలు పెట్టాడు. వాటికే చుక్కల భూములని పేరు. తర్వాత తరాలవాళ్లు సాగు చేసుకున్నారు, అమ్ముకున్నారు, కొనుక్కున్నారు, ఎవరూ ఆ చుక్కల జోలికి పోలేదు. 2007లో రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఎ సెక్షన్‌ను కొత్తగా రాసి, ప్రభుత్వ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేందుకు నిషేధిత జాబితాలు తయారుచేయించారు. చుక్కలున్న భూములు వాటిలోకి వెళ్లిపోయాయి. కూతురి పెళ్లికి అరెకరం అమ్ముదామని వెళ్లిన రైతుకు, ఎప్పుడో బ్రిటిషు జమానాలో ఒక గుమాస్తా పెట్టిన చుక్కలు అడ్డొచ్చాయి. చివరికి 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చుక్కల భూముల కోసమే ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. స్థలం కొనేముందు 22ఎ జాబితా చూడమని అందరూ చెబుతారు. ఆ జాబితాలోకి ఎందుకెక్కిందో తెలియాలంటే ఆర్‌ఎస్‌ఆర్ పేజీయే చూడాలి.

తెలంగాణలో మూల రికార్డు పేర్లు వేరు. సేత్వార్, ఆ తర్వాత 1954-55 నాటి ఖాస్రా పహాణీ. పొలం కొలతల పటం టిప్పన్. చెరువు మునక భూమిని శిఖం అంటారు. పాతవి చాలావరకు ఉర్దూలో ఉంటాయి, చదివిపెట్టే మనుషులు నానాటికీ తగ్గిపోతున్నారు. కాబట్టి నకలు తీసుకున్నాక దాన్ని చదివించుకోవడం ఇంకో పని. 2020లో వచ్చిన చట్టంతో రికార్డులోంచి అనుభవదారు కాలమ్ తీసేశారు. భూమిని ఎవరు దున్నుతున్నారో చెప్పిన గడి అదే. ఒక కుటుంబం ఫలానా సంవత్సరంలో ఆ భూమి మీద ఉందని చూపించాలంటే పాత పహాణీల నకళ్లు ఇప్పటికీ బంగారమే.

ఇంత చెప్పాక, ఊరి మధ్యలో ఉన్న పాత పెంకుటింటికి ఇవేవీ పనికిరావు. గ్రామకంఠం అంటారు ఆ నివాస స్థలాన్ని. శిస్తు లేని చోటు కాబట్టి రెవెన్యూ రికార్డు ఊరంతటికీ ఒక్క నంబరు వేసి ఊరుకుంది. లోపల ఎవరి ఇల్లు ఏదన్నది దానికి పట్టలేదు. అక్కడ ఆధారం పంచాయతీలోని ఇంటిపన్ను డిమాండ్ రిజిస్టరు, రిజిస్టరైన దస్తావేజు, కరెంటు బిల్లు. పన్ను రసీదు ఉన్నంత మాత్రాన హక్కు ఉన్నట్టు కాదని ఏ ప్లీడరైనా చెబుతాడు. అయినా నలభై ఏళ్ల రసీదులు ఒక దారానికి గుచ్చి ఉంచిన మామ్మగారిని కోర్టులో ఎదుర్కోవడం అంత తేలిక కాదు.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఏముందన్నది జనానికి బాగా తక్కువగా తెలిసిన సంగతి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, ఫీజు కట్టిన ఎవరైనా ఒకటో బుక్కును, దాని ఇండెక్సులను చూడొచ్చు, నకలు అడగొచ్చు. స్థిరాస్తి అమ్మకాలు, తనఖాలు, దానాలు ఉండేది ఒకటో బుక్కులోనే. వీలునామాలుండే మూడో బుక్కు, ఇతర దస్తావేజులుండే నాలుగో బుక్కు మాత్రం అందరికీ తెరవరు. అంటే పక్కింటాయన స్థలం ఎవరి దగ్గర కొన్నాడో తెలుసుకోవడానికి ఆయన అనుమతి అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) మామూలుగా 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో ఇండెక్సులు చేత్తో తిరగేయించాలి. ఈసీలో కనిపించనివీ ఉన్నాయి. నోటిమాట పంపకాలు, రిజిస్టరు కాని వీలునామాలు, తెలంగాణలో తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాలు దాంట్లోకి రావు. ఈసీలో ఏమీ లేదంటే ఒకటో బుక్కులో రిజిస్టరైనది ఏదీ లేదని మాత్రమే అర్థం.

లేఅవుట్ పార్కు కబ్జా అయిందని అనుమానం వస్తే మున్సిపాలిటీ ఒక్కచోటే తిరగక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ 2017 నిబంధనల ప్రకారం లేఅవుట్‌లో పది శాతం స్థలం బహిరంగ స్థలంగా వదలాలి. ఆ స్థలాన్ని, రోడ్లను స్థానిక సంస్థ పేరిట గిఫ్ట్ డీడ్‌గా రాసిచ్చి ఉంటే, అదీ రిజిస్టరైన దస్తావేజే. కాబట్టి మున్సిపాలిటీ తన కాపీ పోగొట్టుకున్నా సబ్‌రిజిస్ట్రార్ దగ్గర ఇంకొకటి ఉంటుంది. ఒకే సంగతి రెండు ఆఫీసుల్లో నమోదయి ఉండే ఇలాంటి చోట్లను వెతికి పట్టుకోవడమే ఈ విద్యలో సగం.

ఇక ఊరు మారిన రికార్డులు. జనన నమోదు బిడ్డ పుట్టిన చోట జరుగుతుంది, తల్లిదండ్రులు ఉండే చోట కాదు. మనవాళ్లలో తొలికాన్పుకి పుట్టింటికి వెళ్లడం ఆనవాయితీ. అందుకే ఖమ్మంలో పెరిగి, అక్కడే చదువుకున్న పెద్దబ్బాయి జనన రికార్డు అమ్మమ్మగారి ఊరు నూజివీడులో ఉంటుంది, ఇంట్లోనే పుట్టిన తమ్ముడిది ఖమ్మంలో ఉంటుంది. పాస్‌పోర్టు వేళకు గానీ ఈ సంగతి ఎవరికీ గుర్తు రాదు. ఇళ్లు కదలకపోయినా ఆఫీసులు కదులుతాయి. 1984లో కరణం, మునసబు పదవులు పోయాయి. అప్పుడు అటకలమీద మిగిలిపోయిన కట్టల్లో కొన్ని చెదలకు ఆహారమయ్యాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. తెలంగాణలో 2016లో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, తర్వాత ముప్పై మూడు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పదమూడు ఇరవై ఆరయ్యాయి. కొత్త మండలాఫీసు గుమాస్తా ‘మా దగ్గర లేదండీ’ అన్నప్పుడు నిజమే చెబుతూ ఉండొచ్చు. ‘ఇంతకు ముందు మన ఊరు ఏ తాలూకాలో ఉండేది?’ అని అడగండి. ఆంధ్రలో ఈమధ్య రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్లకు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాతదానికి కొత్తది ఏదో చెప్పే పట్టిక లేకుండా అక్కడ అడుగు ముందుకు పడదు.

సమాచార హక్కు చట్టం మాట ఇంతసేపూ ఎత్తలేదు. కావాలనే. అందరూ మొదట వేసేది ఆ అస్త్రాన్నే, వేసేదీ వంకరగానే. ‘కుంటను పూడ్చుతుంటే ఎందుకు చర్య తీసుకోలేదు?’ అని దరఖాస్తు పెడితే, ‘ఇది సమాచారం కిందికి రాదు’ అని ఒక లైన్లో తిప్పి పంపుతారు. లేని సమాచారాన్ని తయారుచేసి ఇవ్వక్కర్లేదని 2011లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే ‘ఫలానా సర్వే నంబరుకు ఆర్‌ఎస్‌ఆర్ పేజీ నకలు, గ్రామ పటంలో ఆ భాగం నకలు, ఆ నంబరుపై గత అయిదేళ్లలో వచ్చిన ఫిర్యాదులు, వాటిపై నడిచిన ఫైలు నోట్ నకళ్లు’ అని రాస్తే తప్పించుకోవడానికి సందు తక్కువ. ‘ఎందుకు చర్య తీసుకోలేదు’ అన్న ప్రశ్నకు జవాబు ఆ నోట్ ఫైల్లోనే ఉంటుంది.

ఫీజు భారమేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో పెట్టిన నిబంధనల ప్రకారం గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు, ఆపైన పది. మామూలు సైజు కాగితం నకలుకు పేజీకి రెండు రూపాయలు. ఎందుకు కావాలో కారణం చెప్పక్కర్లేదు. గడువు ముప్పై రోజులు. మొదట్లో చెప్పిన ‘మాది కాదు, వాళ్లది’ ఆటకు చట్టంలోనే మందుంది. తమకు సంబంధించని దరఖాస్తయితే అయిదు రోజుల్లోగా సంబంధించిన ఆఫీసుకు వాళ్లే పంపాలని 6(3) సెక్షన్ చెబుతుంది. దరఖాస్తు చివర ఆ మాట ఒక వాక్యంగా రాయడం మంచిది. రికార్డును స్వయంగా చూస్తానని అడిగే హక్కూ ఉంది, మొదటి గంట ఉచితం. నా లెక్కలో ఇదే అన్నిటికన్నా పదునైన పద్ధతి. ఏ పేజీ నకలు అడగాలో బయట కూర్చుని ఊహించే బదులు, ఫైలు ముందు పెట్టుకుని చూపించి అడగొచ్చు. కౌన్సిల్ తీర్మానాల పుస్తకమైనా, పంచాయతీ ఖర్చుల వోచర్లయినా అంతే.

జవాబు రాకపోతే అదే శాఖలో పై అధికారికి ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు, ఆపైన తొంభై రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండోది. ఈ రెండోదాని మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. తెలంగాణలో 2023 నుంచి రెండేళ్లకు పైగా కమిషన్‌లో కమిషనర్లే లేరు, 2025 మే నెలలో గానీ నియామకాలు జరగలేదు. ఈలోగా చట్టమే కొంత చిక్కింది. 2023 డేటా రక్షణ చట్టం ద్వారా సమాచార హక్కు చట్టం 8(1)(జె) మారింది, ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకొచ్చింది. ఒకప్పుడు వ్యక్తిగత సమాచారమైనా ప్రజా వ్యవహారాలతో సంబంధముంటే ఇచ్చేవారు. ఇప్పుడు ‘వ్యక్తిగతం’ అన్న ఒక్క మాట వాడుకోవచ్చు. ప్రజా ప్రయోజనం ఎక్కువని చూపిస్తే ఇవ్వొచ్చన్న 8(2) సెక్షన్ మిగిలే ఉంది. కాబట్టి ఇకమీదట లబ్ధిదారుల జాబితాల్లాంటివి అడిగేటప్పుడు ప్రజా ప్రయోజనమేమిటో రెండు వాక్యాల్లో రాసి పెట్టాలి, చట్టం కారణం అడగకపోయినా.

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి ఊళ్లో స్థలం గురించి బెంగపడేవాళ్లకు ఒక మాట. సమాచార హక్కు భారత పౌరులకే. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్లు ఇక్కడి బంధువు చేత పెట్టించాల్సిందే. ఒకటో బుక్కు నకలుకు మాత్రం పౌరసత్వంతో పని లేదు. ఆ సెక్షన్ ‘ఎవరైనా’ అంటుంది. దస్తావేజు నంబరు, సంవత్సరం, ఫీజు సిద్ధంగా పెట్టుకోండి. నంబరు తెలియకపోతే అమ్మినవారి పేరో కొన్నవారి పేరో చెప్పి పేర్ల ఇండెక్సు చూడమనండి. ఇంటిపేరు ఆనాడు రాసిన స్పెల్లింగులోనే వెతకమనడం మరిచిపోకండి.