మండించేదే చల్లబరుస్తుంది

అగ్నికి ఆజ్యం తోడైతే జ్వాల పెరుగుతుందన్నది లోకమెరిగిన విషయం. ఇంధనం అనగానే మన మనస్సులో మెదిలేవి మంట, వేడి. అయితే ఆ ఇంధనమే తాను మండడానికి ముందు యంత్రభాగాల వేడిని హరించి వాటిని కాపాడగలదు. విమాన, రాకెట్ ఇంజిన్ల నిర్మాణంలో ఈ సూత్రానికి విశిష్ట స్థానం ఉన్నది.

జెట్ ఇంజిన్‌లోని కంప్రెసర్ గాలిని పీల్చి, అధిక పీడనానికి గురిచేస్తుంది. ఆ గాలి దహనగదిలో ఇంధనంతో కలిసి మండుతుంది. వెలువడిన వేడి వాయువులు టర్బైన్ రెక్కలను తిప్పుతూ వెనుకకు దూసుకుపోతాయి. వాయువుల ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఇంజిన్ సామర్థ్యం పెరుగుతుంది. ఆధునిక ఇంజిన్లలో అది 1,500 డిగ్రీల సెల్సియస్‌ను మించుతుంది. రెక్కల తయారీకి వాడే నికెల్ మిశ్రలోహం దాదాపు 1,300 డిగ్రీల వద్దనే కరగడం ఆరంభిస్తుంది. అంటే తనను కరిగించగల మంట మధ్య ఆ రెక్క నిమిషానికి వేలసార్లు తిరుగుతూ చెక్కుచెదరక నిలవాలి.

ఇందుకు నేడు ప్రధానంగా తోడ్పడుతున్నది గాలియే. కంప్రెసర్ నుండి మళ్లించిన గాలి రెక్కలలోని సన్నని మార్గాల గుండా ప్రవహించి, సూక్ష్మరంధ్రాల నుండి వెలువడి, పలుచని పొరవలె రెక్కను కప్పుతుంది. కాని ఈ రక్షణకు మూల్యం ఉన్నది. ఎంతో శక్తిని వెచ్చించి సంపీడనం చేసిన గాలిలో ఇంచుమించు ఐదవ వంతు చలువకే ఖర్చవుతుంది. పైగా సంపీడనం వలన ఆ గాలి కూడా వందల డిగ్రీలకు వేడెక్కి ఉంటుంది. ఈ చిక్కును విడదీయడానికి శాస్త్రజ్ఞులు ఇంధనం వైపు దృష్టి సారించారు. చలువగాలిని ముందుగా ఇంధనంతో చల్లబరచి రెక్కలకు పంపడం ఒక మార్గం. ఇంజిన్ గోడలలోని నాళాల గుండా ఇంధనాన్నే ప్రవహింపజేయడం మరొక మార్గం.

పొయ్యిమీది గిన్నెలో ఎసరు ఉన్నంతసేపు గిన్నె మాడదు. మంట ఇచ్చే వేడిని నీరు ఎప్పటికప్పుడు గ్రహిస్తూ ఉంటుంది. ఎసరు ఇంకిపోతే అడుగంటుతుంది. ఇంజిన్ నాళాలలో ప్రవహించే ఇంధనం కూడా ఎసరువలె గోడల వేడిని గ్రహిస్తుంది. ఒక భేదం ఉన్నది: ఎసరు గ్రహించిన వేడిలో కొంత ఆవిరితో పాటు గాలిలో కలిసిపోతుంది; ఇంధనం గ్రహించిన వేడి దానితోపాటు దహనగదికి చేరి తిరిగి ఉపయోగపడుతుంది.

1964లో తొలిసారి ఎగిరిన అమెరికా గూఢచారి విమానం ఎస్‌ఆర్-71 ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ధ్వనికి మూడు రెట్లకు మించిన వేగంతో పోయే ఆ విమానపు వెలుపలి రేకులు గాలి రాపిడికి 300 డిగ్రీలకు పైగా వేడెక్కేవి. విమానికులు కూర్చునే గదిని, యంత్రాలలోని నూనెలను చల్లబరచే బాధ్యత ఇంధనానిదే. సాధారణ కిరోసిన్ సుమారు 160 డిగ్రీలు దాటితే, తనలో కరిగిన ఆక్సిజన్ ప్రభావంతో జిగురు వంటి మడ్డిని విడిచి నాళాలను పూడ్చివేస్తుంది. అందువలన ఆ విమానానికి జేపీ-7 అనే ప్రత్యేక ఇంధనాన్ని రూపొందించారు. అది సులభంగా అంటుకోదు. దానిని వెలిగించడానికి ట్రైఇథైల్ బోరేన్ అనే రసాయనం అవసరమయ్యేది. సహజవాయువు మొదలైన వాటి నుండి తయారుచేసే కృత్రిమ కిరోసిన్ కూడా సాధారణ కిరోసిన్ కంటె అధికంగా వేడిని తట్టుకొంటుంది.

ప్రత్యామ్నాయ ఇంధనాలలో చలువకు మేటి ద్రవ హైడ్రోజన్. దాని ఉష్ణోగ్రత మైనస్ 253 డిగ్రీలు. 1988 ఏప్రిల్ 15న సోవియట్ యూనియన్‌కు చెందిన టుపొలెవ్-155 విమానం తన మూడు ఇంజిన్లలో ఒకదానిని హైడ్రోజన్‌తో నడుపుతూ ఎగిరింది. మరుసటి సంవత్సరం అదే విమానం ద్రవీకృత సహజవాయువుతో కూడా ఎగిరింది. మన దేశపు ఎల్‌వీఎం-3 రాకెట్‌లోని సీఈ-20 క్రయోజెనిక్ ఇంజిన్‌లో దహనగది గోడలను ద్రవ హైడ్రోజనే చల్లబరుస్తుంది. 2023 జూలై 14న శ్రీహరికోట నుండి చంద్రయాన్-3ను మోసుకుపోయినది ఆ రాకెట్టే. అయితే హైడ్రోజన్ చాలా తేలికైనది. సమాన శక్తినిచ్చే కిరోసిన్ కంటె దానికి దాదాపు నాలుగు రెట్ల స్థలం కావాలి. విమానాలలో దాని వాడకానికి ఇదొక పెద్ద అవరోధం.

ధ్వనికి ఐదు రెట్ల వేగంతో పోయే స్క్రామ్‌జెట్ ఇంజిన్ సమస్య మరింత క్లిష్టమైనది. అందులో తిరిగే రెక్కలు ఉండవు. కాని ఎదురుగా వచ్చే గాలి ఆగితే చాలు, దాదాపు వేయి డిగ్రీలకు వేడెక్కుతుంది. అటువంటి గాలి దేనినీ చల్లబరచజాలదు. అక్కడ ఉష్ణగ్రాహక ఇంధనం ఆదుకొంటుంది. ఇంజిన్ గోడలలో ప్రవహించేటప్పుడు దాని పెద్ద అణువులు చిన్న అణువులుగా విడిపోతాయి. ఆ విఘటనకు కావలసిన వేడిని అవి గోడల నుండి గ్రహిస్తాయి. పుట్టిన చిన్న అణువులు సులభంగా మండుతాయి. ఈ విధంగా ఒకే మార్పు రెండు ప్రయోజనాలను సాధిస్తుంది. హైదరాబాదులోని రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాల అటువంటి ఇంధనంతో చల్లబరచే స్క్రామ్‌జెట్ దహనగదిని 2025 జనవరిలో 120 సెకన్లు, ఏప్రిల్ 25న వేయి సెకన్లకు పైగా నేలమీద పరీక్షించింది. నిమిషాల తరబడి మంట నిలిచినా గోడలు కరగకపోవడమే ఈ విజయంలోని విశేషం.

ఇంధనానికి ఇన్ని బాధ్యతలు అప్పగించినప్పుడు జాగ్రత్త కూడా అంతే అవసరం. సాధారణ విమానాలలో ఇంజిన్ నూనెను చల్లబరచేది ఇంధనమే. 2008 జనవరి 17న బీజింగ్ నుండి లండన్ చేరుతున్న ఒక బోయింగ్-777 విమానంలో, ఇంధనంలోని నీరు మంచుగా మారి, నూనెను చల్లబరచే ఉష్ణ వినిమాయకం ముఖద్వారాన్ని అడ్డగించింది. ఇంజిన్లకు చాలినంత ఇంధనం అందక విమానం రన్‌వేకు ఇవతలనే నేలను తాకింది. అందులోని 152 మంది ప్రాణాలతో బయటపడ్డారు. ఆ పరికరం రూపాన్ని తరువాత మార్చారు. అతి వేడికి మడ్డి, అతి చలికి మంచు: ఈ రెండింటి మధ్యనే ఇంధనం తన పని నెరవేర్చాలి.

రేపటి విమానాలకు ఇంధనాన్ని ఎంచుకొనేటప్పుడు అది ఎంత శక్తినిస్తుంది, ఎంత పొగ వెలువరిస్తుంది అన్న ప్రశ్నలతో పాటు, మండే ముందు అది ఎంత వేడిని మోయగలదు అన్న ప్రశ్నను కూడా మనం అడగవలసి ఉన్నది. తాను పుట్టించే మంట నుండి ఇంజిన్‌ను కాపాడగలిగిన ఇంధనమే ఆ విమానాలను దూరతీరాలకు చేరుస్తుంది.